ముందు చక్రాల పని చేయించాక స్టీరింగ్ వణుకుతుంటే: కారణం పట్టుకునే పద్ధతి

షాకర్లు మార్పించారు, లోయర్ ఆర్ములు (చక్రాన్ని కింద నుంచి బండికి కలిపి పట్టే ఇనుప చేతులు) కొత్తవి వేయించారు, బిల్లు కట్టి బండి బయటికి తీశారు. ఊళ్లో బాగానే నడిచింది. హైవే ఎక్కి గంటకు 85 కి.మీ. దాటగానే స్టీరింగ్ చేతుల్లో వణకడం మొదలుపెట్టింది. వెనక్కి తీసుకెళ్తే ముందుగా వినిపించే మాట "అలైన్‌మెంట్ చేయిద్దాం సార్". అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, అవుతుంది, వణుకు మాత్రం పోదు. తర్వాత స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు చేర్చే రాక్ మీద అనుమానం, ఆ తర్వాత ఇంజిన్ పవర్‌ను చక్రాలకు చేర్చే యాక్సిల్ మీద. ఇలా పార్టుల మీద పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బు అయిపోతుంది గానీ అసలు కారణం దొరకదు. వణుకు ఏ వేగంలో వస్తోంది, బ్రేకు తొక్కితేనా, ఎక్సలేటర్ ఇస్తేనా, అసలు ఎప్పుడు రావడం లేదు అన్నది ముందు తేల్చుకోవాలి. ఆ తర్వాత ఈ రిపేరులో ఏయే పార్టు మీద చెయ్యి పడిందో అక్కడి నుంచి, ఖర్చు లేని పరీక్షతో మొదలుపెట్టి ముందుకు వెళ్లాలి.

ఇక్కడ చెప్పేది స్విఫ్ట్, బాలెనో, ఐ20, టియాగో, అమేజ్ లాంటి ముందు చక్రాలకు పవర్ వెళ్లే కార్ల గురించి. బొలెరో, స్కార్పియో, పాత ఇన్నోవా లాంటి వాటిలో వెనక చక్రాలకు పవర్ తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఇంకో అనుమానితుడు. అయితే దాని అదురు ఎక్కువగా సీటులో, ఫ్లోర్‌లో తెలుస్తుంది.

ముందు తేల్చాల్సింది: బండి నడపొచ్చా?

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా రోడ్డు పరీక్షలు మానేసి బండి పక్కకు ఆపండి: 20–30 వేగంలోనే చక్రం ఊగుతున్నట్టుండి అది క్రమంగా పెరగడం, చక్రం దగ్గర టకటకమని శబ్దం, స్టీరింగ్ తిప్పినా బండి కాస్త ఆలస్యంగా తిరగడం, టైరు పక్క గోడ మీద గానీ ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మీద గానీ ఉబ్బు, రిమ్ము చుట్టూ కొత్తగా రాలిన ఇనుప పొడి. మొదటిది చాలాసార్లు వదులైన వీల్ నట్ల వల్లే వస్తుంది. గ్యారేజీలో హడావిడిగా చేతితో బిగించి, చివరి బిగింపు మర్చిపోయి ఇచ్చేసే బండ్లు తక్కువేం కాదు. కాబట్టి అన్నిటికంటే ముందు డిక్కీలో ఉన్న పానా తీసి నాలుగు చక్రాల నట్లూ చూడండి. రెండు నిమిషాల పని.

రోడ్డు మీద పరీక్ష

టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూసి, డ్రైవర్ డోరు పక్క స్తంభం మీద అంటించిన స్టిక్కర్‌లో ఉన్న లెక్కకు సరిచేయండి. డిక్కీలో బరువు తీసేయండి. రోడ్డు నునుపుగా, ఖాళీగా ఉండాలి. కాంక్రీటు రోడ్డు దానికదే ఒక రకం గరగర ఇస్తుంది కాబట్టి తారు రోడ్డే మంచిది. ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట పొద్దున్నే చేస్తే సరి. వేగ పరిమితి దాటనక్కర్లేదు. గమనించినవి రాయడానికి పక్కన ఒక మనిషి ఉండాలి, డ్రైవ్ చేసేవాళ్లు ఫోను ముట్టకూడదు.

మొదటి 10 కి.మీ. ఊరికే నడపండి. ఇన్సూరెన్స్ క్లెయిము కోసమో, పార్టు రాలేదనో బండి గ్యారేజీలో వారాల తరబడి నిలబడి ఉంటే టైరు నేలకు ఆనిన చోట చదునవుతుంది. అలాంటప్పుడు బయల్దేరగానే వణికి, టైరు వేడెక్కాక తగ్గిపోతుంది. రెండు మూడు రోజులు నడిపితే చాలా వరకు అదే సర్దుకుంటుంది, రిపేరును తప్పుపట్టాల్సిన పని లేదు. ఎన్ని రోజులైనా పోకపోతే ఆ చదును శాశ్వతమైనట్టే, టైరు మార్చాల్సి వస్తుంది.

ఆ తర్వాత వరుసగా ఇవి చేయండి.

1. 40 నుంచి మొదలుపెట్టి పది పది చొప్పున పెంచుతూ, ప్రతి వేగం దగ్గరా కొన్ని సెకన్లు నిలకడగా నడపండి. వణుకు ఎక్కడ మొదలైంది, ఎక్కడ బాగా ఎక్కువైంది, ఎక్కడ తగ్గింది రాయించండి.

2. వణుకు ఎక్కువగా ఉన్న వేగంలో ఎక్సలేటర్ వదిలి న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దొర్లనివ్వండి. తాళం మాత్రం ఆపకండి. ఇంజిన్ ఆగితే బ్రేకు గట్టిపడుతుంది, తాళం పూర్తిగా వెనక్కి తిప్పితే స్టీరింగ్ లాక్ కూడా పడొచ్చు. న్యూట్రల్‌లో కూడా అదే వణుకు ఉంటే అది చక్రంతో పాటు తిరిగే దేనిదో. పోతే ఇంజిన్‌దో, యాక్సిల్‌దో.

3. వెనక ఎవరూ లేరని చూసుకుని, 80 నుంచి 30 దాకా బ్రేకును మెల్లగా, ఒకే ఒత్తిడితో తొక్కండి.

4. 40 దగ్గర మూడో గేరులో ఎక్సలేటర్ గట్టిగా ఇచ్చి వేగం పెంచండి. ఆటోమేటిక్ అయితే మామూలుగా గట్టిగా తొక్కండి.

5. ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర కొంచెం కుడికి, కొంచెం ఎడమకు తిప్పి చూడండి. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, ఎడమకు తిప్పితే కుడి చక్రం మీద.

6. చివరగా బండి ఆపి, ఐడిలింగ్‌లో ఏసీ వేసి స్టీరింగ్ పట్టుకుని చూడండి.

రాసుకున్నదాన్ని ఇలా చదవాలి. నిలకడ వేగంలో, ముఖ్యంగా 80–110 మధ్య వచ్చి దాటాక తగ్గితే: బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండేలా చిన్న వెయిట్లు వేయడం), టైరు, రిమ్ము, లేదా చక్రం హబ్ (చక్రాన్ని బిగించే తిరిగే ఇనుప భాగం) మీద సరిగా కూర్చోకపోవడం. బ్రేకు తొక్కితేనే వస్తే: డిస్క్ (చక్రంతో పాటు తిరుగుతూ బ్రేకు ప్యాడ్లు పట్టే ఇనుప పళ్లెం). ఎక్సలేటర్ ఇస్తే వచ్చి, వదిలితే పోతే: యాక్సిల్ లోపలివైపు జాయింటు. తిప్పినప్పుడు ఒక వైపు హోరు పెరిగితే: ఆ బరువు మోస్తున్న చక్రం బేరింగ్. 20–40 వేగంలో బండి ముక్కు అటూ ఇటూ ఊగినట్టుంటే: లోపల పొర జరిగిన టైరు, లేదా బాగా వంగిన రిమ్ము. ఆగి ఉన్నప్పుడే అదిరితే చక్రాలతో సంబంధం లేదు, ఇంజిన్ మౌంటింగులు (ఇంజిన్‌ను బండికి పట్టే రబ్బరు దిమ్మలు) చూడాలి. స్టీరింగ్ నిలకడగా ఉండి సీటు అదిరితే వెనక చక్రాల వైపు వెళ్లండి.

ఒక్కోసారి వణుకు వస్తూ పోతూ ఉంటుంది. కాసేపు గట్టిగా, కాసేపు అసలు లేనట్టు. అంటే సమస్య లేదని కాదు. ముందు రెండు చక్రాల్లోనూ బరువు తేడా ఉండి, రెండు టైర్లూ సూక్ష్మంగా వేర్వేరు వేగాల్లో తిరుగుతూ ఒకసారి కలిసి కొట్టి, ఒకసారి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మలుపు తిరిగాక వణుకు మారిపోతే అది దీనికి గట్టి సూచన. అలాంటప్పుడు ఒక్క చక్రాన్ని సరిచేసి ఊరుకోకూడదు.

80 దాటాకే ఎందుకంటే: 185/65 ఆర్15 టైరు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 1.95 మీటర్లు కదులుతుంది. 80 వేగంలో సెకనుకు 11 పైచిలుకు చుట్లు, 100 వేగంలో 14. సస్పెన్షన్, స్టీరింగ్ భాగాలు సహజంగా ఊగే లయకు ఇది దగ్గర. పైగా బరువు తేడా వల్ల వచ్చే లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. రిమ్ము అంచున 20 గ్రాముల తేడా ఉంటే 100 వేగంలో అది దాదాపు 3 కిలోల బలంతో, సెకనుకు 14 సార్లు చక్రాన్ని లాగుతుంది. 50 వేగంలో అందులో నాలుగో వంతే. ఊళ్లో తెలియనిది హైవే మీద తెలియడం అందుకే.

చక్రం విప్పి బిగించడంలోనే దొరికే కారణాలు

ముందు సస్పెన్షన్‌లో ఏ పని చేసినా చక్రాలు విప్పక తప్పదు. రిపేరు తర్వాత కొత్తగా వచ్చిన వణుకుల్లో పెద్ద వాటా ఇక్కడిదే. పార్టు కొనకుండానే పోయేవి కూడా ఇవే.

మొదటి అనుమానం చక్రాల స్థానం. విప్పిన నాలుగు చక్రాలనూ వరుసలో ఆనించి, బిగించేటప్పుడు ఏది చేతికందితే అది ముందుకు వేస్తారు. అప్పటిదాకా వెనక ఉండి తేడా తెలియనివ్వని చక్రం ముందుకొస్తే స్టీరింగ్‌లో బయటపడుతుంది. పరీక్ష తేలిక: ముందు రెంటినీ వెనక్కి, వెనక రెంటినీ ముందుకు, ఏ వైపువి ఆ వైపే మార్చి అదే రోడ్డు మీద నడపండి. వణుకు స్టీరింగ్ వదిలి సీటులోకి వెళ్తే తప్పు చక్రానిదే, సస్పెన్షన్‌ది కాదు. మారకుండా స్టీరింగ్‌లోనే ఉంటే హబ్, డిస్క్, యాక్సిల్ వైపు చూడాలి. వేల రూపాయల పార్టులు అనవసరంగా కొనకుండా ఆపేది ఈ ఒక్క పరీక్షే. ముందు వెనక టైరు సైజులు వేరైతే ఇది చేయకండి. సన్నటి తాత్కాలిక స్టెప్నీతో కూడా వద్దు, దానికి వేగ పరిమితి తక్కువ.

రెండోది హబ్ ముఖం. డిస్క్, దాని మీద రిమ్ము ఆనే ఆ గుండ్రటి ఇనుప తలం మీద తుప్పు పొరలుగా లేస్తుంది. తీరప్రాంతపు బండ్లలో మరీ ఎక్కువ. చక్రం విప్పినప్పుడు ఒక పెచ్చు ఊడి, మళ్లీ బిగించినప్పుడు రిమ్ము, డిస్క్, హబ్ ఆనుకునే ముఖాల మధ్య ఇరుక్కుంటుంది. డిస్క్ వెనక హబ్ అంచున 0.1 మి.మీ. పెచ్చు చాలు, డిస్క్ మీద ప్యాడ్లు పట్టే చోటికి వచ్చేసరికి ఆ ఊపు దాదాపు 0.17 మి.మీ. అవుతుంది. చాలా కార్లలో డిస్క్ ఊపుకు ఇచ్చే పరిమితి 0.05 మి.మీ. దగ్గర ఉంటుందని గుర్తుపెట్టుకుంటే ఈ పెచ్చు చేసే పని అర్థమవుతుంది.

సరిగా కూర్చోబెట్టే పద్ధతి ఇది. చక్రం విప్పండి. క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) విప్పి పక్కకు కట్టి, డిస్క్‌ను పట్టి ఉంచే చిన్న స్క్రూలుంటే తీసి, డిస్క్ కూడా బయటికి తీయండి. తీసేముందు డిస్క్‌కూ, వీల్ నట్టు ఎక్కే ఒక స్టడ్‌కూ చాక్‌పీసుతో గుర్తు పెడితే మళ్లీ అదే స్థానంలో వేయొచ్చు. హబ్ ముఖం, డిస్క్ లోపలి ముఖం, రిమ్ము వెనక ఆనే భాగం మూడింటినీ వైర్ బ్రష్‌తో, ఎమెరీ పేపరుతో మెరిసేదాకా రుద్దండి. స్టడ్‌ల మొదట్లో బ్రష్ చేరని సందుల్లోనే తుప్పు మిగులుతుంది, అక్కడ ఓపిక పట్టాలి. వేలు పెట్టి తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. ఈ ముఖాలకు గ్రీజు పూయకండి. తుప్పు పట్టకుండా కావాలనుకుంటే మధ్యలో పొడుచుకొచ్చిన భాగం చుట్టూ పలుచగా రాస్తే చాలు. స్టడ్ మరలకు నూనె, గ్రీజు అసలు వద్దు, టార్క్ (నట్టును తిప్పే బలం) లెక్క తప్పి బిగింపు ఎక్కువైపోతుంది.

చక్రం ఎక్కించి నట్లన్నీ చేతితో తిప్పండి. చక్రం గాలిలో ఉండగానే పానాతో ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. అయిదు నట్లయితే నక్షత్రం గీసే వరుసలో. ఇలా చేస్తేనే రిమ్ము మధ్యకు సర్దుకుంటుంది. తర్వాత బండి దించి, టార్క్ రెంచ్‌తో (పెట్టిన లెక్కకు చేరగానే క్లిక్ మనే పానా) చివరి బిగింపు. చిన్న, మధ్యరకం కార్లలో ఇది సాధారణంగా 85 నుంచి 130 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు లెక్క ఓనర్స్ మాన్యువల్‌లో ఉంటుంది. ఎయిర్ గన్‌తో ఒక నట్టు పూర్తిగా బిగించి తర్వాతి దానికి వెళ్తే రిమ్ము పక్కకు కూర్చుంటుంది, డిస్క్ కూడా ఒంపు తిరగొచ్చు. గన్ వాడితే వాడనివ్వండి, చివరి బిగింపు మాత్రం చేతితో చేయమని అడగండి.

నట్ల రకం కూడా చూడాలి. చాలా మారుతి కార్లలో మర (స్టడ్ మందం × మరల మధ్య దూరం, మి.మీ.ల్లో) 12 × 1.25, హ్యుందాయ్‌లో 12 × 1.5. ఒకదానిది ఇంకోదానికి బలవంతంగా ఎక్కిస్తే స్టడ్ పోతుంది. కొన్ని కంపెనీ అలాయ్‌లకు శంకు ఆకారపు నట్లు, కొన్నింటికి వాషర్ ఉన్న చదునువి. రకం మారితే ఎంత బిగించినా చక్రం మధ్యకు రాదు.

బయట కొన్న అలాయ్‌లయితే మధ్య రంధ్రం కొలత తప్పక చూడండి. స్విఫ్ట్, ఐ20 హబ్‌ల కొలత 54.1 మి.మీ. బయటి అలాయ్‌లు రకరకాల కార్లకు సరిపోవాలని 73.1 లాంటి పెద్ద రంధ్రంతో వస్తాయి. ఆ ఖాళీని నింపే ప్లాస్టిక్ లేదా అల్యూమినియం హబ్ రింగు చక్రం విప్పినప్పుడు కింద పడిపోయి గ్యారేజీలోనే ఉండిపోవడం జరుగుతుంది. రింగు లేకుండా నట్ల మీదే చక్రం నిలబడుతుంది, వణుకు ఖాయం.

ఇక రిమ్ము లోపల ఎండిపోయిన మట్టి. వానాకాలంలో నల్లరేగడి నేల మీద తిరిగిన బండిలో ఇది చిన్న విషయం కాదు. ఒక చోట గడ్డకట్టిన మట్టి బ్యాలెన్సింగ్ వెయిట్ కంటే ఎక్కువ తూగుతుంది. ముందు కడిగి, అప్పుడు బ్యాలెన్సింగ్‌కు తీసుకెళ్లండి. రిమ్ము మీద జిగురు మరక ఉండి వెయిట్ లేకపోతే అది ఊడిపోయినట్టే.

బ్యాలెన్సింగ్ దగ్గర నిలబడి చూడాల్సినవి

"బ్యాలెన్సింగ్ చేయించాం, అది కాదు" అన్న మాట వెంటనే నమ్మకండి. మిషన్ చూపే సున్నా ఎప్పుడూ సున్నా కాదు. షాఫ్ట్ మీద చక్రాన్ని పట్టే శంకు రిమ్ము మధ్య రంధ్రంలో సరిగా కూర్చోకపోతే, మిషన్ తన తప్పునే కొలిచి, దానికి వెయిట్లు వేయిస్తుంది. తెలుసుకోవడం సులువే. రెండు వైపులా సున్నా వచ్చాక బిగింపు వదులు చేయించి, చక్రాన్ని షాఫ్ట్ మీద అర చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. ఈసారి కూడా సున్నా గానీ 5 గ్రాముల లోపు గానీ వస్తే లెక్క నిజం. 15, 20 గ్రాములు చూపిస్తే శంకు సరిపోలేదు, లేదా మిషన్‌కు క్యాలిబ్రేషన్ కావాలి. షాపు మార్చండి.

పాత వెయిట్లన్నీ పీకాకే మొదలుపెట్టాలి. ఒక పక్కన 50–60 గ్రాములు దాటి అడిగితే వెయిట్లు గుచ్చుకుంటూ పోవద్దు, ఎందుకు అంత అడుగుతోందో చూడాలి. చక్రం తిరుగుతుండగా రిమ్ము అంచుకు దగ్గరగా ఒక స్క్రూ డ్రైవర్ మొన కదలకుండా పెట్టి మధ్య సందును గమనించండి. సందు ఒక మిల్లీమీటరుకు మించి పెరుగుతూ తగ్గుతూ ఉంటే రిమ్ము వంగింది. రిమ్ము నిలకడగా ఉండి ట్రెడ్ ఎగిరితే టైరుది తప్పు. టైరు లోపల పంక్చర్ లిక్విడ్ ముద్దగా ఉన్నా బ్యాలెన్సింగ్ ప్రతిసారీ ఒక్కో లెక్క చూపిస్తుంది, దాన్ని తుడవకుండా పని జరగదు.

రిపేరుతో పాటు కొత్త టైర్లు కూడా వేయించి ఉంటే, రిమ్ము అంచు పక్కనే టైరు మీద చుట్టూ పోత పోసిన సన్న గీత చూడండి. ఆ గీతకూ రిమ్ముకూ మధ్య దూరం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒక చోట గీత లోపలికి మునిగితే టైరు అంచు రిమ్ములో పూర్తిగా కూర్చోలేదు. గాలి తీసి, అంచుకు సబ్బు నీళ్లు రాసి మళ్లీ నింపాలి. కూర్చోబెట్టడానికి 40 పీఎస్‌ఐ దాటకూడదు. అప్పటికీ కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ మొదలుపెట్టాలి గానీ ఒత్తిడి పెంచకూడదు. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికైన చోటు. ఆ చుక్క గాలి వాల్వ్ దగ్గరికి వచ్చేలా వేస్తే తక్కువ వెయిట్లతో సరిపోతుంది.

బ్యాలెన్సింగ్ సున్నా, రిమ్ము నేరుగా ఉంది, అయినా ఆ చక్రం ఎక్కడ పెడితే అక్కడ వణుకు వెంట వెళ్తోందంటే టైరు లోపలి ఉక్కు పొర జరిగి ఉండొచ్చు. వెయిట్లతో అది పోదు. అరచేతిని ట్రెడ్ మీద మెల్లగా నడిపిస్తే ఒక చోట ఎత్తు తగులుతుంది. టైరు ఎంత పాతదో కూడా చూడండి, పక్క గోడ మీద DOTతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీ: 2321 అంటే 2021లో 23వ వారం.

బ్రేకు తొక్కితేనే వణికితే

"డిస్క్ వంగింది" అంటారు గానీ ఎక్కువసార్లు జరిగేది వేరు. హబ్ మీద తుప్పు వల్ల డిస్క్ కొద్దిగా వాలి కూర్చుంటుంది. ప్రతి చుట్టులో ఒకే చోట ప్యాడ్‌ను రాస్తూ, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగేసరికి ఆ చోట మందం మారుతుంది. మందంలో 0.015 మి.మీ. తేడా కూడా పెడల్‌లో, స్టీరింగ్‌లో తెలుస్తుంది. అందుకే రిపేరు చేసిన రోజు బాగానే ఉండి నెలలు గడిచాక వణుకు మొదలైనా మూలం ఆ రోజు శుభ్రం చేయని హబ్‌లోనే ఉండొచ్చు.

కొలవడానికి డయల్ గేజ్ (సన్నటి ఊపును కూడా ముల్లుతో చూపే కొలత పరికరం) కావాలి. వీల్ నట్లకు వాషర్లు వేసి డిస్క్‌ను హబ్‌కు సమంగా బిగించి, గేజ్ స్టాండును నకిల్‌కు (హబ్‌ను మోసే, తిరగని ఇనుప దిమ్మ) పట్టించి, డిస్క్ అంచుకు ఒక సెంటీమీటరు లోపల మొన ఆనించి ఒక చుట్టు తిప్పాలి. ముల్లు 0.05 దాటితే డిస్క్ తీసి ఒక్కో స్టడ్ చొప్పున జరిపి మళ్లీ వేసి కొలవండి. ఒక స్థానంలో తగ్గొచ్చు. ఎక్కడ పెట్టినా తగ్గకపోతే డిస్క్ తీసి హబ్ ముఖాన్నే కొలవాలి. హబ్ ఊగుతుంటే ఎన్ని కొత్త డిస్కులు వేసినా వణుకు తిరిగొస్తుంది. గుంతలోనో డివైడర్‌కో గట్టిగా కొట్టిన బండిలో హబ్ వంగడం మామూలే.

డిస్క్ ముఖాన్ని చదును చేయడానికి లేత్ పట్టించే ముందు దాని మీద పోత పోసిన కనిష్ఠ మందం చదవండి. పట్టించాక మందం దానికంటే తగ్గేట్టయితే కొత్తవే వేయాలి, అదీ జతగా. కొత్త డిస్కుకు పూసిన నూనె పొరను బ్రేక్ క్లీనర్‌తో పూర్తిగా తుడవాలి. కొత్త ప్యాడ్లు అలవాటు పడేందుకు 60 నుంచి 10 దాకా మధ్యస్థంగా తొక్కడం 8–10 సార్లు చేయండి, మధ్యమధ్య చల్లారనిస్తూ. వేడి డిస్కు మీద పెడల్ నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపి ఉంచితే ప్యాడ్ పదార్థం ఒక చోట అంటుకుపోతుంది.

క్యాలిపర్ పిన్నులు చేతితో జారాలి. పట్టేస్తే ప్యాడ్ వదలదు, డిస్క్ కాలుతుంది. పది కిలోమీటర్లు తక్కువ బ్రేకుతో నడిపి, ముట్టుకోకుండా చెయ్యి రిమ్ము దగ్గర పెట్టి చూడండి. ఒక వైపు వేడి స్పష్టంగా ఎక్కువుంటే ఆ క్యాలిపర్ విప్పించండి.

జాకీ మీద లేపి ప్లే (జాయింట్లలో వదులు ఆట) చూడడం

చదును నేల మీద, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, బాడీ కింద స్టాండ్లు వేశాకే చేతులు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ కిందికి వెళ్లకూడదు.

చక్రాన్ని పైన, కింద పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. టక్కుమని ఆడితే పక్కనున్న మనిషిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆట పోతే బేరింగ్, ఉంటే బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ను నకిల్‌కు కలిపే గుండు జాయింటు) గానీ, షాకర్‌ను నకిల్‌కు పట్టే రెండు బోల్టులు గానీ. ఇప్పుడు కుడి ఎడమల్లో పట్టుకుని ఊపండి. ఇక్కడ మాత్రమే ఆడితే టై రాడ్ (రాక్‌ను చక్రానికి కలిపే కడ్డీ) చక్రం వైపు కొన అయిన టై రాడ్ ఎండ్, లేదా రాక్ వైపు కొన అయిన రాక్ ఎండ్. మెకానిక్ ఒక చేతిని టై రాడ్ జాయింటు మీద పెట్టి ఉంచితే ఆట ఎక్కడిదో వేళ్లకే తెలుస్తుంది. కొత్తగా వేసిన పార్టు అయినా సరే వదిలేయకండి. బాల్ జాయింట్ నట్టు పూర్తిగా దిగకపోవడం, టై రాడ్ లాక్ నట్టు మర్చిపోవడం, లింక్ రాడ్ (మలుపులో బండి వాలకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కు కలిపేది) సగం బిగించడం ఇవన్నీ జరిగేవే.

ఈ ఆట దానికదే వణుకు పుట్టించదు. చక్రంలో ఉన్న చిన్న తేడాను పెద్దది చేసి చూపిస్తుంది. అందుకే ఆట సరిచేసి బ్యాలెన్సింగ్ వదిలేసినా, బ్యాలెన్సింగ్ చేసి ఆట వదిలేసినా సగం వణుకు మిగిలిపోతుంది.

లోయర్ ఆర్మ్ బుష్‌ల (ఆర్మ్ బండికి బిగించే చోట ఉండే రబ్బరు భాగాలు) విషయంలో ఎక్కువ గ్యారేజీలు చేసే తప్పు ఒకటుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. బండి దించగానే ఆర్మ్ పైకి లేచి, లోపలి గొట్టానికి అతుక్కున్న రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. వెంటనే ఏమీ తెలియదు. కొద్ది నెలల్లో రబ్బరు చిరుగుతుంది, కొత్త పార్టు బాలేదని తిట్టుకుంటారు. బోల్టులు సగం బిగించి, బండిని నేల మీదికి దించి లేదా నకిల్ కింద జాకీతో చక్రాన్ని మామూలు ఎత్తుకు తెచ్చి అప్పుడు పూర్తి టార్క్ ఇవ్వాలి. ఇప్పటికే తప్పుగా బిగించి ఉంటే, రబ్బరు చిరగనంతవరకు, వదులు చేసి ఇలా బిగిస్తే సరిపోతుంది.

బేరింగ్, యాక్సిల్

బేరింగ్ మార్చాక హోరు వస్తే ప్రెస్ చేసిన తీరు మీద అనుమానపడాలి. నకిల్‌లోకి నొక్కేటప్పుడు బయటి రింగు మీదే ఒత్తిడి పెట్టాలి. లోపలి రింగు మీద పెడితే ఆ ఒత్తిడి బేరింగ్ గుండ్ల మీదుగా వెళ్లి, అవి దొర్లే దారుల్లో చిన్న సొట్టలు పడతాయి. సుత్తితో కొట్టి దించినా అంతే. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న చాలా కార్ల బేరింగులో ఒక ముఖం అయస్కాంతంతో ఉంటుంది, తిరగేసి వేస్తే ఏబీఎస్ లైటు వెలుగుతుంది. యాక్సిల్ నట్టుకు టార్క్ చాలా ఎక్కువ, మామూలు పానా బిగింపు చాలదు. అంచును గాడిలోకి నొక్కి లాక్ చేసే రకం నట్టయితే మళ్లీ వాడకుండా కొత్తది వేయాలి.

యాక్సిల్ దెబ్బతినేది ఎక్కువగా వేరే పని చేస్తుండగా. బాల్ జాయింట్ విప్పాక నకిల్‌ను బయటికి లాగి వేలాడదీస్తే, గేర్‌బాక్స్ వైపు జాయింటులో మూడు రోలర్లు తమ గాడుల నుంచి జరుగుతాయి. తిరిగి బిగించాక ఎక్సలేటర్ ఇస్తే బండి ముందు భాగం పక్కలకు ఊగినట్టుంటుంది, వదిలితే పోతుంది. జాయింటు మీది రబ్బరు తొడుగు (బూటు) చిరిగిందా, క్లిప్పు ఊడిందా, గ్రీజు చిమ్మిందా చూడండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలేటప్పుడు వచ్చే టిక్ టిక్ శబ్దం మాత్రం చక్రం వైపు జాయింటుది. ఈ పరీక్షల కోసం బండిని జాకీ మీద లేపి గేరులో చక్రాలు తిప్పకండి. వేలాడే చక్రాలతో యాక్సిల్ కోణం మారిపోయి బాగున్న జాయింటు కూడా కొట్టుకుంటుంది, ప్రమాదం సరేసరి.

సబ్‌ఫ్రేమ్ (ముందు సస్పెన్షన్‌ను మోసే ఇనుప చట్రం) దించిన పని అయితే ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు వదులు చేసి, ఇంజిన్‌ను దాని స్థానంలో కుదురుకోనిచ్చి మళ్లీ బిగిస్తే ఐడిలింగ్ అదురు చాలాసార్లు పోతుంది.

అలైన్‌మెంట్ చివర్లోనే

అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, స్టీరింగ్ వంకరగా నిలబడుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. అలా అరిగిన టైరు వణుకుతుంది, అంతే తప్ప అలైన్‌మెంట్ నేరుగా వణుకు పుట్టించదు. టై రాడ్, లోయర్ ఆర్మ్, షాకర్ వీటిలో ఏది విప్పినా అది చేయించాల్సిందే. ఆట ఉన్న జాయింట్లతో చేయిస్తే మాత్రం ఆ కొలత రోడ్డు ఎక్కగానే మారిపోతుంది. ముందు, తర్వాత కొలతలున్న ప్రింటు అడిగి తీసుకోండి.

అన్నీ అయ్యాక మొదట వెళ్లిన రోడ్డు మీదే, అదే గాలితో, అవే వేగాల్లో మళ్లీ నడిపి పాత రాతతో పోల్చండి. 50–100 కి.మీ. తిరిగాక, చక్రాలు చల్లగా ఉన్నప్పుడు వీల్ నట్లకు మరోసారి టార్క్ రెంచ్ పెట్టాలి. శుభ్రం చేసిన హబ్ మీద, ముఖ్యంగా అలాయ్‌లతో, బిగింపు కొద్దిగా సర్దుకుంటుంది. రెంచ్ క్లిక్ మనకుండానే ఏదైనా నట్టు పావు చుట్టు తిరిగితే ఆ చక్రం విప్పి, నట్టు కూర్చునే చోట పెయింటు గానీ ఇసుక గానీ ఉందేమో చూసి మళ్లీ బిగించండి.